కణుజుకు తగిన తుపాకి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము అయినది, పచ్చడి తిన్నాము, పిల్లలు పాటలు పాడినారు. ఇట్టి శుభదినమున తుపాకిని గురించి మాట్లాడుట యేమి మర్యాద అని కొందరు అక్కయ్యలు ముందే నొసలు ముడిచినారు. వారికి మొదట ఒక మాట మనవి చేసుకొంటాము. మేము వేటగాళ్లము కాము. రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవాళ్లము. చదువు మెట్రిక్కుతో ఆగినది. అయితే పెద్దలను అడిగి తెలుసుకొనుట, పుస్తకము దొరికితే చదువుట, చదివినదానిని లెక్క కట్టి చూచుట అనే అలవాటు మాత్రము వున్నది. ఆ అలవాటుతో కూడబెట్టినదే ఈ నాలుగు మాటలు.

ఈ విషయము ఎందుకు ఎత్తుకొన్నామంటే, మన కుటుంబాలలో దీనిని గురించి రెండు వైపులనుండి ప్రశ్నలు వస్తున్నవి. ఒక వైపు, ఉద్యోగాలకు అమెరికా వెళ్లిన మన పిల్లలు. అక్కడ తోటి ఉద్యోగులు ఎల్క్ అనే జంతువు వేటకు పోతూ రమ్మంటారు. ఏ రైఫిలు కొనాలి, ఎట్లా అమర్చుకోవాలి అని వీరు తెలుసుకోగోరుతారు. రెండవ వైపు, డెంకణికోట, అంచెట్టి, జవలగిరి అడవుల అంచున చేలు వున్న మన బంధుమిత్రులు. రాత్రి వచ్చి రాగి చేను మేసిపోయే జంతువును చూచి, ఒక నాటు తుపాకి వుంటే బాగుండునని వీరు అనుకొంటారు. అడిగేది ఒకే వస్తువును గురించి. కాని రెండు ప్రశ్నలకు జవాబు ఒకటి కాదు. ఆ తేడా చెప్పుటకే ఈ ప్రసంగము.

మొదట ఎల్క్ అంటే ఏమిటో తేల్చుకోవలె. ఈ పేరు ఒక్కొక్క దేశములో ఒక్కొక్క జంతువుకు చెల్లుతున్నది. ఐరోపాలో ఎల్క్ అంటే అమెరికావారు మూస్ అని పిలిచే మహాకాయము. అమెరికాలో ఎల్క్ అంటే వేరొక పెద్ద దుప్పి. అక్కడి ఆదివాసులలో షానీ జాతివారు దానిని వాపిటి అన్నారు, తెల్లని పిరుదుల జంతువు అని అర్థము. ఇక సింహళములోను, దక్షిణ దేశములోను దొరలు ఎల్క్ అని వ్రాసినది వీటిలో ఏదీ కాదు. అది మన కణుజు, అనగా సాంబర్. పందొమ్మిదవ శతాబ్దము నడుమ సింహళములో వేటాడిన శామ్యూల్ బేకర్ దొర తన పుస్తకములో ఎల్క్, ఎల్క్ అని వ్రాసినదంతా కణుజును గురించియే. మనము కణుజు అంటాము, కన్నడిగులు కడవె అంటారు, తమిళులు కడమాన్ అంటారు. హోసూరు సంతలో ముగ్గురూ ఒకే జంతువును గురించి మాట్లాడుకొనగలరు. దొరలకు మాత్రము స్వదేశపు పేరు తగిలించనిదే తోచలేదు.

కణుజు పోతు సామాన్యమైన జంతువు కాదు. రెండు వందల కిలోలు దాటిన బరువు, దళసరి తోలు, మెడమీద జూలు, ఒక్కొక్క కొమ్ముకు మూడు మొనలు. ఆ కొమ్ములు ఊడిపోయి మరల మొలుస్తవి. పగలు గుబురులలో పండుకొని రాత్రి మేతకు బయలుదేరుతుంది. అమెరికా ఎల్క్ పోతు మూడు వందల కిలోలు, అంతకు మించి కూడా తూగుతుంది. రెండింటికీ ప్రాణశక్తి మెండు. చెడ్డ చోట గుండు తగిలినా మైళ్ల దూరము పోగలవు. తుపాకి ఎంపిక అనే సమస్య అంతా ఇక్కడ పుట్టినదే.

మన ప్రాంతానికి తుపాకి కొత్త కాదు. 1767 లో మొదటి మైసూరు యుద్ధము మొదలైన రోజులలో హైదరాలీ సేనలు ఈ కావేరిపట్టణపు కోటను ముట్టడించి పట్టుకొన్నవి. ఆనాటి తుపాకులు ముందు మూతినుండి మందు, గుండు కూరి కాల్చేవి. గొట్టము లోపల నున్నగా వుండేది. గుండు గొట్టములో అటు ఇటు తగులుతూ వచ్చి, బయట పడిన తరువాత తన ఇష్టము వచ్చిన దారిన పోయేది. గుంపుమీద కాల్చుటకు అది చాలును గాని, నూరు గజాల దూరాన ఒకే జంతువును ఒకే చోట కొట్టుటకు చాలదు. తరువాత గొట్టము లోపల మరచుట్టువలె గాడులు కోసినారు. గుండు ఆ గాడులలో తిరుగుతూ బయటికి వస్తుంది. తిరిగే బొంగరము నిలిచినట్లు తిరిగే గుండు తన దారిని నిలుపుకొంటుంది. గాడులు వున్నది రైఫిలు, లేనిది మామూలు తుపాకి. ఇంతే భేదము. కాని ఆ భేదములోనే వేటగాని న్యాయమూ, అన్యాయమూ ఇమిడి వున్నవి.

ఇక కొలతలు. రైల్వేవారికి గేజి అంటే ప్రాణము. 1905 లో తిరుపత్తూరు నుండి కృష్ణగిరికి వేసిన చిన్న రైలుదారి వెడల్పు రెండున్నర అడుగులు. అది తరువాత మూతపడినది. ఆ దారిమీది బండి పెద్ద పట్టాలమీద నడువదు, పెద్ద పట్టాల బండి ఆ దారిలో దిగదు. తుపాకికి బోరు అట్టిది. ఒక బోరు తూటాను మరొక బోరులో పెట్టుట ప్రమాదము. గొట్టము పగిలి ముఖమునే పోగొట్టుకోవచ్చును.

బోరును రెండు విధాలుగా చెప్పుతారు. 12 బోరు అంటే, ఒక పౌను సీసముతో పన్నెండు సమానమైన గుండ్లు పోస్తే ఒక్కొక్క గుండు ఆ గొట్టములో సరిపోవునని అర్థము. అంటే అంకె పెరిగినకొద్దీ గొట్టము సన్నబడుతుంది. రైఫిలుకు అట్లా కాదు, అంగుళములో వంతులు చెప్పుతారు. .405 అంటే అంగుళములో వెయ్యింట 405 వంతులు. గుండు బరువును గ్రెయినులలో తూస్తారు. ఇది మన తల్లులకు సులభముగా బోధపడే లెక్క. పాత తులము, అనగా తెల్లవారు స్థిరపరచిన తులము, సరిగా 180 గ్రెయినులు. ఎల్క్ వేటకు అమెరికాలో ఎక్కువమంది వాడే గుండ్లలో ఒకటి 180 గ్రెయినులది. అంటే రాగి తొడుగుతో కలిపి ఒక తులము సీసపు గుండు. ఒక తులము బంగారము ఇంటిని నిలుపుతుంది. ఒక తులము సీసము, చోటు తప్పితే, ఇంటిని కూలుస్తుంది.

తుపాకిని ఎంచుకొనేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవలె. జంతువు ఎట్టిది? నేల ఎట్టిది? మనిషి ఎట్టివాడు?

జంతువు సంగతి చెప్పినాము. పెద్ద జంతువుకు బరువైన, విరిగిపోక లోతుకు దిగే గుండు కావలె. చిన్న జింకకు చాలిన గుండు కణుజు భుజపు ఎముకమీద చితికిపోవచ్చును. కొలరాడో రాష్ట్రములో దీనికి చట్టమే చేసినారు. ఎల్క్ వేటకు రైఫిలు .24 అంగుళానికి తక్కువ వుండరాదు, గుండు 85 గ్రెయినులకు తగ్గరాదు, నూరు గజాల దూరాన దాని శక్తి వెయ్యి అడుగు-పౌనులకు తగ్గరాదు. ఇది కనీసము. అనుభవజ్ఞులు దీనికి చాలా పైన వుంటారు. 1906 లో అమెరికా సైన్యము స్వీకరించిన .30-06 అనే తూటా వంద యేళ్లు దాటినా నేటికీ అక్కడ ఎల్క్ వేటకు మొదటి వరుసలో వున్నది. 1925 లో వచ్చిన .270, 1952 లో వచ్చిన .308, 1962 లో వచ్చిన 7 మిల్లీమీటర్ల రెమింగ్టన్ మాగ్నమ్, ఇవన్నీ ఆ పనికి చాలినవే.

రెండవది నేల. మన అడవులలో వెదురు పొదలు, లాంటనా కంపలు. ఏబది గజాల అవతల జంతువు కనబడుట అరుదు. ఇట్టిచోట దూరము పోయే వేగము కంటె దగ్గర కొట్టే బరువు ముఖ్యము. బెంగుళూరు నివాసి కెన్నెత్ ఆండర్సన్ (1910–1974) ఈ హోసూరు, డెంకణికోట అడవులలోనే తిరిగి, నరభక్షక పులులను గురించి వ్రాసినాడు. ఆయన చేతిలోని తుపాకి 1895 మోడల్ విన్‌చెస్టర్, .405 బోరు. గుండు 300 గ్రెయినులు, అంటే ఒకటిన్నర తులాలు దాటినది. రూజ్‌వెల్టు 1909 లో ఆఫ్రికాకు వేటకు పోతూ తీసుకొని వెళ్లినవాటిలో ఈ రకము కూడా వున్నది. ఆ గుండు దగ్గరలో సమ్మెట దెబ్బ. దూరము పెరిగితే త్వరగా క్రిందికి వంగుతుంది. మన అడవికి ఆ వంపు లెక్కలోనిది కాదు. అమెరికా రాకీ పర్వతాలలో అట్లా కాదు. ఒక కొండ వాలునుండి ఎదుటి వాలుమీదికి, రెండు మూడు వందల గజాలు బయలు. అక్కడ వేగముగా, చదునుగా పోయే గుండు కావలె. ఒకరి అడవికి తగిన తుపాకి మరొకరి కొండకు తగదు. పేరు మోసినవాని చేతిలో వున్నది గనుక మాకూ అదే కావలెననుట తెలివి కాదు.

మూడవది మనిషి. దీనిని అందరూ మరచిపోతారు. కొత్తగా చేరినవాడు పెద్ద బోరు మాగ్నమ్ కొంటాడు. అది కాల్చినప్పుడు భుజమును గుద్దుతుంది. రెండుసార్లు గుద్దేసరికి మూడవసారి కళ్లు మూసుకొని, ఒళ్లు బిగించి మీట లాగుతాడు. గురి పోయినది. పిచ్చుకపై బ్రహ్మాస్త్రము వేసినవాడు పిచ్చుకనైనా కొట్టినాడేమో గాని, ఇతడు అదీ కొట్టడు. జిమ్ కార్బెట్టు చంపావత్ ఆడపులిని చంపినందుకు 1907 లో ఆయనకు బహుమానముగా ఇచ్చిన రిగ్బీ రైఫిలు .275 మాత్రమే. తనకు లొంగిన తుపాకితో సరియైన చోట కొట్టినవాడు, లొంగని పెద్ద తుపాకి పట్టినవానికంటె మేలు. భుజానికి నొప్పి లేకుండా ఇరవై సార్లు కాల్చగలిగినదే మనకు తగిన పెద్ద తుపాకి అనుకోవలె.

ఎంచుకొన్న తరువాత అమర్చుకొనుట. కొట్లోనుండి తెచ్చిన రైఫిలు కుట్టించని గుడ్డవంటిది. భుజానికి ఆనించే కర్ర మనిషి చేతి పొడవుకు సరిపోవలె. మీటకూ కర్ర చివరకూ మధ్య దూరము మామూలుగా పదమూడున్నర అంగుళాలు వుంటుంది. పొట్టివానికి తగ్గించవలె, పొడుగువానికి పెంచవలె. కళ్లు మూసుకొని తుపాకిని భుజానికెత్తి, కళ్లు తెరిచినప్పుడు గురి నేరుగా కంటిముందు వుంటే అది సరిపోయినట్లు. మెడ వంచి వెదుక్కోవలసివస్తే సరిపోలేదన్నమాట.

పైన దుర్బిణి పెట్టుకొంటే, దానికీ కంటికీ మూడు, మూడున్నర అంగుళాల ఎడము వుండవలె. లేకుంటే కాల్చిన దెబ్బకు దుర్బిణి అంచు కనుబొమను కోస్తుంది. పట్టీల మరలు అన్నీ సమానముగా, తయారీదారు చెప్పిన బిగువుకే బిగించవలె. ఒకటి వదులైనా నిన్న పెట్టిన గురి నేడు వుండదు. దుర్బిణిలోని అడ్డగీత, నిలువుగీత తుపాకికి నిటారుగా నిలువవలె.

ఇప్పుడు గురి కుదుర్చుట. చట్టబద్ధమైన కాల్పుల మైదానములో, వెనుక ఎత్తయిన మట్టికట్ట వున్నచోట మాత్రమే ఈ పని చేయవలె. బల్లమీద ఇసుక సంచులు పరచి వాటిమీద తుపాకిని నిలుపవలె. మొదట 25 గజాల దూరాన కాగితము. బోల్టు ఊడదీసి గొట్టములోనుండి చూస్తే కాగితపు నడిమి చుక్క కనబడవలె. తుపాకిని కదల్చకుండా దుర్బిణి గీతలను ఆ చుక్కమీదికే తిప్పవలె. అప్పుడు మూడు గుండ్లు కాల్చి, మూడు రంధ్రాల నడిమి స్థానమును చూడవలె. ఒక్క రంధ్రమును చూచి మరను తిప్పరాదు. ఒకటి పొరపాటు కావచ్చును, మూడు సాక్ష్యము.

మరలో ఒక్కొక్క టిక్కుకు గుండు ఎంత జరుగును? చాలా దుర్బిణులలో నూరు గజాల దూరాన ఒక టిక్కు పావు అంగుళము. అంటే నాలుగు టిక్కులు ఒక అంగుళము. అదే 25 గజాలలో దూరము నాలుగవ వంతు గనుక జరుగుటయూ నాలుగవ వంతే. ఒక అంగుళానికి పదహారు టిక్కులు కావలె. త్రైరాశికము వచ్చిన పిల్లవాడు ఇది చెప్పగలడు. 25 గజాలలో కుదిరిన తరువాత నూరు గజాలకు పోవలె. గొట్టమును ఆరనిచ్చి మరల మూడు కాల్చవలె. వేడెక్కిన గొట్టము గురి మారుస్తుంది. అడవిలో మొదటి గుండు చల్లని గొట్టమునుండియే పోతుంది గనుక, చల్లని గొట్టపు గురియే లెక్క.

.30-06 లో 180 గ్రెయినుల గుండును 200 గజాలకు సరిగా కుదిర్చినారనుకొందము. నూరు గజాలవద్ద అది సుమారు రెండు అంగుళాలు పైన తగులుతుంది. 300 గజాలవద్ద ఎనిమిది, తొమ్మిది అంగుళాలు క్రింద తగులుతుంది. ఈ మూడు అంకెలు తెలిసినవాడు తన హద్దు తెలిసినవాడు. ఇసుక సంచి అడవిలో వుండదు గనుక, మోకాలిమీద కూర్చొని, చెట్టు నానుకొని కూడా అభ్యాసము చేయవలె. ఐదు గుండ్లలో ఐదూ ఒక పళ్లెము వెడల్పులో పడే దూరమేదో, అదే అతని హద్దు. అది నూరు గజాలే అయితే, నూట యాబది గజాలలోని జంతువు అతనిది కాదు. ఇంటికి తిరిగిరావలసినదే.

ఇంత లెక్క ఎందుకని అడుగవచ్చును. తగిలినదంతా పడదు గనుక. గుండెలోనో ఊపిరితిత్తులలోనో తగిలిన జంతువు కొద్ది దూరములో పడిపోతుంది. కడుపులోనో కాలిలోనో తగిలినది పొదలలో దూరి రోజుల తరబడి చస్తుంది. జంతువు పులియో చిరుతయో అయితే కథ అంతటితో ఆగదు. చంపావత్ ఆడపులి 436 మందిని పొట్టపెట్టుకొన్నదని లెక్క. అది చచ్చిన తరువాత చూస్తే కుడి వైపు పై కోర సగము, క్రింది కోర పూర్తిగా విరిగి వున్నవి. పాత తుపాకి దెబ్బవలన అని కార్బెట్టు వ్రాసినాడు. మామూలు ఆహారమును పట్టలేక అది మనుషులమీద పడినది. మన పక్క జవలగిరి ఆడపులి కథ ఆండర్సన్ 1954 లో అచ్చయిన పుస్తకములో వున్నది. అదీ తుపాకి దెబ్బ తిని బ్రతికిన పులియే. చేలగట్లమీద మందు, మేకులు, ఇనుపముక్కలు కూరి కాల్చే నాటు తుపాకులు ఎన్ని క్రూరమృగాలను మనుషులమీదికి తరిమినవో ఆయన పదే పదే చెప్పినాడు. ఒకని చేతిలోని చెడ్డ తుపాకికి అప్పు తీర్చినది వేరొక వూరి కట్టెల మనిషి.

చీకటిలో కాల్చుట మరీ పాపము. దశరథ మహారాజు శబ్దభేది నేర్చినవాడు. సరయూ తీరమున కుండలో నీళ్లు నిండే చప్పుడు విని ఏనుగు అనుకొని బాణము వేసినాడు. పడినది తల్లిదండ్రులకు నీళ్లు తీసుకొని పోయే మునికుమారుడు. అంత విలుకాడు, అంతటి రాజు, చూడక వేసిన ఒక్క బాణానికి కొడుకును ఎడబాసి చచ్చినాడు. పొద కదలినదని టార్చి వెలుతురులో మీట నొక్కేవానికి ఈ కథ చాలును. రైఫిలు గుండు తప్పిపోతే మైలుకు మించి పోతుంది. ఆ మైలులో ఎవరి గుడిసె వున్నదో కాల్చినవానికి తెలియదు.

ఇక చట్టము. ఇక్కడ మన రెండు ప్రశ్నలకు దారులు చీలిపోతున్నవి.

మన దేశములో కణుజును వేటాడే కాలము గడిచిపోయినది. 1972 లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. లైసెన్సు ఇచ్చి వేటాడనిచ్చే పద్ధతికి 1991 సవరణతో ముగింపు పలికినారు. 2014 లో మన కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల అడవులలో 504 చదరపు కిలోమీటర్లు ఉత్తర కావేరి అభయారణ్యమైనవి. 2022 లో దక్షిణ కావేరి అభయారణ్యము దానికి తోడైనది. కణుజు ప్రపంచములోనే తగ్గిపోతున్న జంతువుగా 2008 నుండి లెక్కలోకి ఎక్కినది. అది లేకపోతే పులికి తిండి లేదు. తిండి లేని పులి పశువుల కొట్టమునకు వస్తుంది.

మరి మేసిపోయిన చేనికి ఎవరు దిక్కు? ఈ బాధను మేము తేలికగా తీసివేయము. సంవత్సరమంతా పడిన కష్టము ఒక రాత్రిలో పోతే కడుపు మండుతుంది. కాని దానికి మార్గము తుపాకి కాదు. చేను పోయిన వెంటనే ఫోటో తీసి, గ్రామ పరిపాలనాధికారికీ, అటవీశాఖ రేంజి కార్యాలయానికీ వ్రాతపూర్వకముగా అర్జీ పెట్టి, రసీదు తీసుకోవలె. నష్టపరిహారానికి అదే మొదటి మెట్టు. నోటిమాట అర్జీ కాదని గుమాస్తాలమైన మాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. తమిళము వ్రాయలేనివారికి మన సంఘములోనివారు వ్రాసి పెట్టగలరు. అడవిపందుల విషయములో తమిళనాడు ప్రభుత్వము 2025 జనవరిలో ఉత్తర్వు ఇచ్చినది. రిజర్వు అడవికి మూడు కిలోమీటర్లు దాటినచోట, పంట పాడుచేసే పందులను కాల్చుటకు అందులో వీలు కల్పించినారు. అయితే కాల్చవలసినది అటవీశాఖవారే గాని రైతు కాదు.

లైసెన్సు లేని తుపాకి ఇంట వుండుటే నేరము. 1959 ఆయుధ చట్టమును 2019 లో సవరించి శిక్ష పెంచినారు. లైసెన్సు లేకుండా మామూలు తుపాకి దగ్గర వుంచుకొన్నా రెండేళ్లకు తగ్గకుండా, ఐదేళ్లవరకు జైలు. ఒక మనిషికి లైసెన్సు తుపాకులు మూడు కాదు, రెండే అని కూడా అప్పుడే నిర్ణయించినారు. తాతగారి తుపాకి అటకమీద వున్న ఇళ్లు మనలోనూ వుండవచ్చును. తాతగారితోనే ఆ లైసెన్సు ముగిసినది. తుపాకి మనదే గదా అని దాచరాదు. పోలీసు స్టేషనులోనో లైసెన్సు గల దుకాణములోనో అప్పగించి రసీదు తీసుకొని, వారసులు కావలెనంటే తమ పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవలె. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటకంటె ఇది సులభము.

అమెరికాలోని పిల్లల సంగతి వేరు. 1900 నాటికి అక్కడ ఎల్క్ దాదాపు కనుమరుగై, తరువాత కట్టుదిట్టములవలన తేరుకొని నేడు లక్షల సంఖ్యలో వున్నది. ఎన్ని చంపవచ్చునో, ఏ నెలలో, ఏ కొండలో అనేది అక్కడి రాష్ట్రాలు యేటేటా లెక్క కట్టి అనుమతి చీట్లు ఇస్తవి. 1937 లో చేసిన చట్టము ప్రకారము తుపాకులమీద, తూటాలమీద వసూలైన పన్ను అడవి జంతువుల రక్షణకే పోతుంది. కొలరాడోలో 1949 జనవరి 1 న గాని, ఆ తరువాత గాని పుట్టినవారు వేట శిక్షణ పొందనిదే లైసెన్సు ఇవ్వరు. ఎదుటివారికి కనబడేటట్లు మెరిసే నారింజ లేక గులాబి రంగు తొడుగు వేసుకోవలె. సీసపు గుండు మాంసములో పొడిగా చెదరుతుందని చాలామంది నేడు పూర్తి రాగి గుండ్లు వాడుతున్నారు. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుండి వేటకు సీసమును పూర్తిగా నిషేధించినారు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట, పిల్లలకు ఉత్తరములో తప్పక వ్రాయండి. తాత్కాలిక వీసామీద వున్నవారు, అంటే మన పిల్లలలో ఎక్కువమంది, అక్కడి కేంద్ర చట్టము ప్రకారము తుపాకి గాని తూటా గాని దగ్గర వుంచుకోరాదు. చెల్లుబడిలో వున్న వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు మాత్రము వున్నవి. స్నేహితుని తుపాకిని సరదాగా ఒకసారి పట్టుకొని చూచినా చిక్కు రావచ్చును. లైసెన్సు ముందు, తుపాకి తరువాత. ఈ వరుస తప్పినవానికి ఎల్క్ దొరకదు, వీసా పోతుంది. తుపాకి పట్టుటకు ముందు అక్కడి వకీలును ఒకమాట అడుగుట మంచిది.

గురి నేర్చుకోవలెనన్న కోరిక చెడ్డది కాదు. దానికి జంతువు రక్తము అక్కరలేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లో లండన్ ఒలింపిక్సులో పది మీటర్ల గాలి రైఫిలులో కాంస్య పతకము తెచ్చినాడు. కర్ర పొడవు సరిచేసుకొనుట, ఊపిరి బిగబట్టుట, మీటను మెల్లగా నొక్కుట, మూడు గుండ్ల నడిమి స్థానము చూచుట, మేము ఇంతసేపు చెప్పినవన్నీ అక్కడా అవే. పిల్లలకు ఉత్సాహము వుంటే రైఫిలు క్లబ్బులో చేర్పించండి. అక్కడ మొదట నేర్పేది కాల్చుట కాదు. గొట్టమును మనిషివైపు త్రిప్పరాదనుట, మీటమీద వేలు చివరి క్షణములోనే పెట్టవలెననుట. ఆ రెండు నేర్చినవాడు ఏ పనిలోనైనా తొందరపడడు.

సోదరీసోదరులారా, మనము పొరుగు నేలమీద బ్రతుకు కట్టుకొన్నవాళ్లము. ఇక్కడి నీళ్లు దక్షిణ పినాకినివి, ఇక్కడి చట్టము మనకూ చట్టమే, ఇక్కడి అడవి మన పిల్లలకూ అడవే. మన ఇంట ఒక తుపాకి తప్పుగా పేలితే ఆ పేరు ఒక మనిషికి కాక తెలుగువారందరికీ అంటుతుంది. కనుక ఈ కొత్త సంవత్సరములో ప్రతి కుటుంబమూ మూడు పనులు చేయవలెనని మా కోరిక. అటకమీది తుపాకికి కాగితాలు సరిచేసుకొనుట ఒకటి. అమెరికాలోని పిల్లవానికి లైసెన్సు ముందు, తుపాకి తరువాత అని వ్రాయుట రెండు. అడవి అంచున చేను వున్న చుట్టానికి అర్జీ వ్రాసిపెట్టుట మూడు. ఆ అర్జీల పని మాకు అప్పగిస్తే ఆదివారాలలో కూర్చొని వ్రాసిపెట్టుటకు మేము సిద్ధముగా వున్నాము.

కొత్త సంవత్సరము మీ ఇళ్లకు సుఖశాంతులను, మీ చేలకు పంటను, అడవిలోని మూగజీవాలకు క్షేమమును చేకూర్చుగాక. నమస్కారము.